గడియారానికి కట్టిన అలవాటు

(నర్సుల దినోత్సవం నాడు ఒక జిల్లా కేంద్రంలోని నర్సింగ్ కాలేజీలో చివరి సంవత్సరం విద్యార్థులనూ, కొత్తగా ఉద్యోగంలో చేరిన స్టాఫ్ నర్సులనూ ఉద్దేశించి ఒక రిటైర్డ్ హెడ్ నర్సు చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, ఒకప్పుడు నాతోపాటు వార్డుల్లో పనిచేసి ఇవాళ ఈ పిల్లలకు పాఠాలు చెబుతున్న ట్యూటర్లకు నమస్కారం. ఎదురుగా కూర్చున్న అమ్మాయిలూ, వెనక వరసలో ఉన్న తమ్ముళ్ళూ, మీ అందరికీ శుభాకాంక్షలు. రెండు గంటలకు ఈవెనింగ్ డ్యూటీ ఉన్నవాళ్ళు మీలో పదిమంది దాకా ఉన్నారని మేడమ్ చెప్పారు. ఒంటిగంటన్నరకల్లా మిమ్మల్ని వదిలేస్తాను.

మే 12 ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టినరోజు. ఈ రోజున అందరూ సేవ గురించి మాట్లాడతారు. పొద్దున్నుంచీ మీరు అదే వింటున్నారు. నేను మీ ఒంటి గురించి మాట్లాడదామని వచ్చాను. మీ తిండి, మీ నిద్ర, మీ నడక, మీరు వేసుకోవాల్సిన మాత్ర. 34 ఏళ్ళు వార్డుల్లో తిరిగాను. పేషెంటుకి నిమిషం తేడా లేకుండా మందు వేసి, తన మాత్ర మాత్రం హ్యాండ్‌బ్యాగులో మర్చిపోయిన సిస్టర్లను ఎంతమందిని చూశానో చెప్పలేను. కొన్నాళ్ళు నేనూ అలాగే ఉన్నాను.

ఇప్పుడు మీకు మంచి అలవాట్లే ఉన్నాయి. హాస్టల్లో ఐదున్నరకు లేస్తారు. మెస్‌లో గంట కొట్టగానే టిఫిన్. సాయంత్రం గ్రౌండులో షటిల్. రాత్రి పదింటికి లైట్లు ఆర్పేస్తారు. మూడు, నాలుగేళ్ళుగా మీ రోజు ఇలాగే నడిచింది. ఉద్యోగంలో చేరిన నెలలోనే ఇదంతా తారుమారవుతుంది. డ్యూటీ రూములో గోడకు ఒక కాగితం అంటించి ఉంటుంది, రోస్టర్. దాని మీద మీ పేరు, పక్కన గళ్ళు, గళ్ళల్లో ఎం, ఈ, ఎన్ అని అక్షరాలు. ఈ వారం పొద్దున 8 నుంచి 2 దాకా. వచ్చే వారం 2 నుంచి రాత్రి 8 దాకా. ఆ తర్వాత రాత్రి 8 నుంచి మర్నాడు పొద్దున 8 దాకా. ఇక మీరు ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో ఆ కాగితమే చెబుతుంది.

ఆరు నెలలు గడిచేసరికి కొత్త పిల్లలు నా దగ్గరకొచ్చి ఒకటే మాట అనేవారు. "నాకు విల్‌పవర్ లేదు సిస్టర్. కాలేజీలో రోజూ నడిచేదాన్ని, ఇప్పుడు ఒక్కరోజు కూడా కుదరట్లేదు. ఐదు కిలోలు పెరిగాను." ఆ మాట వింటే నాకు బాధేసేది. రాత్రంతా నిలబడి, నలభై మంది పేషెంట్లకు నరానికి ఎక్కించే ఐవీ సీసాలు చూసుకుని, పొద్దున కేస్ షీట్లన్నీ రాసి ఇచ్చిన పిల్లకు పట్టుదల లేదని ఎవరనగలరు?

మా అమ్మమ్మగారింట్లో పాడిగేదె ఉండేది. పాకలో గుంజ పాతి దానికి కట్టేవాళ్ళు. ఒక ఏడు ముసురు పట్టి వారం రోజులు వదల్లేదు. గుంజ మొదట్లో పుచ్చిపోయి ఊడి వచ్చింది. తెల్లారి చూస్తే గేదె లేదు. పలుపుతాడుతో సహా కాలవ గట్టు మీద దొరికింది. తాడు తెగలేదు, ముడి విడలేదు. గుంజే ఊడిపోయింది. మన అలవాట్లను మనం గడియారానికి కడతాం. ఆరింటికి నడక, ఎనిమిదింటికి టిఫిన్, తొమ్మిదింటికి మాత్ర. గడియారం నిలకడగా ఉన్నన్నాళ్ళూ అలవాటు కదలదు. వారం వారం రోస్టర్ వచ్చి ఆ గుంజను పీకేస్తుంటే తాడును తప్పుపట్టి ఏం లాభం? నర్సులకే కాదమ్మా, బదిలీ అయినవాళ్ళకు, బిడ్డ పుట్టినవాళ్ళకు, ఇంట్లో పెద్దవాళ్ళు మంచాన పడ్డవాళ్ళకు, అందరికీ జరిగేది ఇదే. మనకు మాత్రం నెలకు మూడుసార్లు జరుగుతుంది.

నా సంగతి చెబుతాను. నాకు 39వ ఏట బీపీ బయటపడింది. డాక్టరుగారు ఒక మాత్ర రాశారు. చీటీ మీద 0-0-1. అంటే రాత్రి ఒకటి, భోజనం తర్వాత. ఆ అంకెలు పేషెంట్లకు నేను వేలసార్లు విడమరిచి చెప్పి ఉంటాను. మార్నింగ్ డ్యూటీ వారాల్లో ఏ ఇబ్బందీ రాలేదు. నైట్ డ్యూటీ పడింది. ఇప్పుడు నా రాత్రి భోజనం ఏది? ఏడింటికి బస్సు పోతుందని నిలబడి తిన్న నాలుగు ముద్దలా? ఒంటిగంటకు వార్డులో మూత తీసిన డబ్బానా? ఇంట్లో ఉన్నప్పుడు డ్యూటీలో వేసుకుందాంలే అనుకునేదాన్ని. డ్యూటీలో చూస్తే మాత్రలు ఇంట్లో ఉండిపోయేవి. ఆరు రాత్రులకు రెండో మూడో పడేవి. అలా నాలుగు నెలలు గడిపాను.

ఒక తెల్లవారుజామున స్టూడెంటు అమ్మాయికి బీపీ చూడటం నేర్పుతూ నా చెయ్యే ఇచ్చాను. ఆ పిల్ల చూసి ఏమీ మాట్లాడలేదు. గాలి తీసేసి మళ్ళీ కట్టింది. "సిస్టర్, నేను సరిగ్గా చూడట్లేదేమో" అంది. నేను చూశాను. 180/110. ఆ పిల్ల సరిగ్గానే చూసింది.

ఆ రోజు డ్యూటీ దిగగానే రోస్టర్ కాగితం పట్టుకుని డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాను. "సార్, నా నెల ఇలా ఉంటుంది. ఈ మాత్ర నేను ఎప్పుడు వేసుకోవాలి?" అని అడిగాను. నాలుగు నెలల ముందు అడగాల్సిన ప్రశ్న అది. ఆయన కాగితం ముందు పెట్టుకుని, "ఈ మందు రోజూ దాదాపు ఒకే వేళకు పడితే మంచిది. మూడు డ్యూటీల్లోనూ మీరు మెలకువగా ఉండే వేళ ఏది?" అన్నారు. ఇద్దరం కలిసి వెతికాం. సాయంత్రం ఆరు, ఏడు మధ్య దొరికింది. మార్నింగ్ డ్యూటీ వారంలో అది ఇంట్లో దేవుడి దగ్గర దీపం పెట్టే వేళ. ఈవెనింగ్ డ్యూటీలో వార్డులో ఆరు గంటల మందులు పంచే వేళ. నైట్ డ్యూటీకైతే డబ్బా కట్టుకునే వేళ. మూడు పనులు, మూడు గుంజలు. దీపం పెడితే మాత్ర. మందుల ట్రాలీ బయటికి తీస్తే ముందు నా మాత్ర. డబ్బా మూత పెడితే మాత్ర. మాత్రల షీటు ఒకటి ఇంట్లో, ఒకటి బ్యాగులో. ఆ తర్వాత రిటైరయ్యేదాకా మాత్ర తప్పింది చాలా తక్కువ.

ఇక్కడ ఒక్క హెచ్చరిక. నాకు కుదిరిన వేళ మీకు కుదరాలని లేదు. ముఖ్యంగా షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు మీ అంతట మీరు వేళలు మార్చుకోవద్దు. తిండి వెనక్కి జరిగి మందు ముందు పడితే షుగర్ పడిపోతుంది, అదెలా ఉంటుందో వార్డులో చూసినవాళ్ళే మీరు. రోస్టర్ కాగితం డాక్టరుకు చూపించండి. మనం అడిగితే తప్ప వాళ్ళకు తెలియదు. మీ పేషెంట్లలో కూడా వాచ్‌మన్లు, బస్సు డ్రైవర్లు, ఫ్యాక్టరీల్లో షిఫ్టుల మీద పనిచేసేవాళ్ళు ఉంటారు. చీటీ చేతిలో పెట్టేటప్పుడు "మీకు రాత్రి అంటే ఎప్పుడండీ?" అని ఒక్కమాట అడగండి.

ఇది నా ఒక్కదాని అనుభవమే అయితే వేదికెక్కి చెప్పేదాన్ని కాదు. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని అందరూ అంటుంటారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలు, ఆమెతో పనిచేసినవాళ్ళు 96 మందిని 12 వారాల పాటు గమనించి 2009లో ఫలితాలు ప్రచురించారు. మధ్యాహ్నం భోజనంతోపాటు ఒక పండు తినడం, ఒక బాటిల్ నీళ్ళు తాగడం, రాత్రి భోజనానికి ముందు పావుగంట పరిగెత్తడం, ఇలాంటి పనులు. అలవాటుగా కుదురుకోవడానికి అటూ ఇటూగా 66 రోజులు పట్టిందని తేలింది. కొందరికి 18 రోజులే చాలింది. కొందరికి 254 రోజుల దాకా పట్టేలా ఉందని లెక్క వచ్చింది. అందులో నాకు ధైర్యమిచ్చినవి రెండు. మొదటిది, మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన పని చెడిపోలేదు. రెండోది, వాళ్ళెవరూ "ఒంటిగంటకు పండు" అనుకోలేదు. "భోజనంతోపాటు పండు" అనుకున్నారు. ఒంటిగంట ప్రతి డ్యూటీలోనూ మనది కాదు. భోజనం మాత్రం ఏ డ్యూటీలోనైనా ఉంటుంది.

అమెరికాలో వెండీ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకో పని చేశారు. ఒక యూనివర్సిటీ నుంచి ఇంకో యూనివర్సిటీకి మారిన విద్యార్థులను గమనించి 2005లో రాశారు. వ్యాయామం, పేపర్ చదవడం, టీవీ చూడటం, ఈ మూడు అలవాట్లూ ఏమయ్యాయా అని. కొత్త చోట కూడా పరిసరాలు పాతచోటులాగే కుదిరినవాళ్ళకు అలవాట్లు వెంట వచ్చాయి. పరిసరాలు మారిపోయినవాళ్ళకు పాత అలవాటు పట్టు సడలింది, వాళ్ళు ఏం చేయాలనుకున్నారో దాన్ని బట్టి నడుచుకున్నారు. నాకైతే ఇందులో మంచి కూడా కనిపిస్తుంది. హాస్టల్ వదిలి ఉద్యోగంలోకి వెళ్ళే ఈ రెండు, మూడు నెలల్లో మంచి అలవాట్లు ఎలా జారిపోతాయో, చెడ్డవి వదిలించుకోవడం కూడా అంతే సులువు. రాత్రి రెండింటిదాకా మంచంలో ఫోన్ చూసే అలవాటు ఉన్నవాళ్ళు, కొత్త గదిలో దిగిన మొదటి రోజే ఛార్జర్‌ను మంచానికి దూరంగా ఉన్న ప్లగ్గుకు పెట్టండి. నెల తర్వాత చేద్దామంటే ఆ గది కూడా పాతదైపోతుంది.

సరే, గుంజ సంగతి చెప్పాను. ఇప్పుడు విత్తనాల సంగతి.

మా నాన్న రెండెకరాలు సాగు చేసేవారు. పంట చేతికి రాగానే విత్తనపు వడ్లు వేరే మూట కట్టి అటక మీద పెట్టేవారు. ఒక ఏడాది తుఫానుకు చేను పడిపోయింది. శ్రావణం వచ్చేసరికి ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. అమ్మ పక్కింట్లో సోలెడు అప్పు తెచ్చింది కానీ అటక మీద మూట ముట్టుకోలేదు. ఆ మూట ఉంటే మళ్ళీ చేను ఉంటుంది. అలవాటుకు కూడా అలాంటి మూట ఒకటి కట్టిపెట్టుకోవాలి. మంచి రోజుల్లో నలభై నిమిషాలు నడుస్తారు, బాగుంది. డబుల్ డ్యూటీ పడిన రోజున ఏం చేస్తారు? సున్నా చేస్తే మూట విప్పి తిన్నట్టే. లిఫ్టు వదిలి మెట్లెక్కి మీ వార్డుకు వెళ్ళండి. డ్యూటీ దిగాక బస్టాపు దాకా ఆటో ఎక్కకుండా నడవండి. ఐదు నిమిషాలేగా అనుకోవద్దు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని చెబుతుంది. ఇది మీ పుస్తకాల్లో ఉంది. 2010లో ఇచ్చిన సూచనల్లో, ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉంటేనే లెక్క అని ఉండేది. 2020లో కొత్త సూచనలు ఇచ్చినప్పుడు ఆ పది నిమిషాల నియమం తీసేశారు. ఎంతసేపు కదిలినా లెక్కే. చదివిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో. అప్పటిదాకా పది నిమిషాలు దొరకలేదని మెట్ల దగ్గరే ఆగిపోయినవాళ్ళు ఎంతమందో.

వార్డులో రోజంతా తిరుగుతూనే ఉంటాం కదా, మళ్ళీ వ్యాయామం ఎందుకని అడుగుతారు. వార్డు నడక ఆగి ఆగి నడిచే నడక. కాళ్ళు లాగుతాయి, ఊపిరి వేగం పెరగదు. రెండూ వేరు. అంతకుమించి వ్యాయామం గురించి చెప్పను, మీకు తెలిసిందే.

తిండి దగ్గర కాసేపు ఆగుతాను. నైట్ డ్యూటీలో మన ఒళ్ళు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

అమెరికాలో 1976లో నర్సుల మీదే ఒక పెద్ద అధ్యయనం మొదలైంది, నర్సెస్ హెల్త్ స్టడీ అని. తర్వాత ఇంకో తరం నర్సులను కూడా చేర్చుకుంటూ దశాబ్దాలుగా నడుస్తోంది. మనలాంటి సిస్టర్లు లక్షమందికి పైగా ఏళ్ళ తరబడి తమ వివరాలు రాసి పంపారు. వాళ్ళ లెక్కలు చూసి 2011లో తేల్చిందేమంటే, మారే నైట్ షిఫ్టుల్లో ఎన్ని ఎక్కువ ఏళ్ళు పనిచేస్తే టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం అంత పెరుగుతోంది. అందులో కొంత భాగం బరువు పెరగడం వల్లే. మన దేశం సంగతి చూస్తే, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ళ ఇండియాబ్ సర్వే 2023లో చెప్పిన లెక్క ప్రకారం 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది దాని గడపలో ఉన్నారు. అసలే గడపలో ఉన్న ఇంటికి నైట్ డ్యూటీ తోడైతే ఏమవుతుందో ఆలోచించండి. రాత్రిపూట తిన్న తీపిని, అన్నాన్ని మన ఒళ్ళు పగటిపూట అరాయించుకున్నంత బాగా అరాయించుకోలేదు. అదే ముద్ద, అదే మనిషి, అయినా రాత్రి రెండింటికి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది.

అందుకని అసలు భోజనం డ్యూటీకి బయల్దేరేముందు, ఏడింటికి ఇంట్లోనే. కూర్చుని తినండి. వార్డుకు చిన్న డబ్బా. దాన్ని పన్నెండు లోపల తినేయండి. ఆ తర్వాత ఆకలేస్తే గుప్పెడు ఉడికించిన శనగలు, లేదా వేయించిన వేరుశనగ గుళ్ళు, మజ్జిగ. పొద్దున ఇంటికెళ్ళాక రెండు ఇడ్లీలో, ఒక పెసరట్టో తిని పడుకోండి. ఖాళీ కడుపుతో పడుకుంటే పదకొండింటికి ఆకలి లేపేస్తుంది. పూరీలు నిండా తిని పడుకుంటే గుండెల్లో మంట లేపేస్తుంది.

డబ్బాలో ఏం పెట్టుకోవాలని అడుగుతారు. నేను చాలా ఏళ్ళు తెచ్చుకున్నది పెరుగన్నం. వేసవిలో పెరుగు కలిపి తెచ్చుకుంటే అర్ధరాత్రికి పుల్లగా అయిపోతుంది. మా అమ్మ చెప్పిన పద్ధతి ఇది. అన్నం కొంచెం మెత్తగా వండి, గోరువెచ్చగా ఉన్నప్పుడు కాచిన పాలు పోసి మెదిపి, ఒక్క చెంచా పెరుగు కలిపి సాయంత్రం డబ్బాలో పెట్టాలి. రాత్రి పదకొండున్నరకు మూత తీస్తే కమ్మగా తోడుకుని ఉంటుంది. అందులోకి కీర దోసకాయ ముక్కలు, క్యారెట్ తురుము. ఆవకాయ వేలితో తాకినంత చాలు, ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదు మరి. షుగర్ ఉన్నవాళ్ళు అన్నం సగానికి తగ్గించి ముక్కలు పెంచుకోండి. ఇదే తినమని కాదు. ఒకే ఒక్క డబ్బా ఖాయం చేసుకోండి, వండే ఓపిక లేని రోజున కూడా ఆలోచించకుండా చేతులు చేసుకుపోయే డబ్బా. డ్యూటీకి పోయే ముందు "ఏం చెయ్యాలి" అని ఆలోచన మొదలైతే ఆ రాత్రి క్యాంటీన్ సమోసాయే.

ఇక లేబర్ రూములో పడినవాళ్ళకు స్వీట్లు. బిడ్డ పుట్టగానే వాళ్ళ నాన్నో అమ్మమ్మో బాక్సు పట్టుకొస్తారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. వాళ్ళ సంతోషం మన చేతుల్లో పెట్టాలని ఆశపడతారు, కాదనకండి. ఒక ముక్క వాళ్ళ ఎదురుగా నోట్లో వేసుకుని, బిడ్డను దీవించండి. బాక్సు మాత్రం నర్సుల టేబుల్ మీద పెట్టొద్దు. అల్మరా లోపల పెట్టి, పొద్దున అన్ని వార్డుల ఆయమ్మలకూ పంచండి. టేబుల్ మీదుంటే కేస్ షీటు రాస్తూ రాస్తూ ఐదు ముక్కలు తినేస్తాం, తిన్నట్టు కూడా గుర్తుండదు.

టీ. రాత్రి మూడు, ఐదు మధ్య మన ఒంటి వేడి బాగా తగ్గిపోయే వేళ, కళ్ళు మూతలు పడే వేళ. అప్పుడే టీ మీదికి మనసు పోతుంది. టీ, కాఫీల్లోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. నాలుగున్నరకు తాగితే మీరు పక్క మీద వాలేసరికి దాదాపు సగం ఇంకా లోపలే ఉంటుంది. ఆఖరి టీ రెండు లోపల తాగేయండి. నాలుగింటికి మొహం మీద చన్నీళ్ళు కొట్టుకుని, ఒక రౌండు వేసి రండి. అసలు పేషెంట్లను కూడా ఆ వేళ ఒకసారి చూడటం మంచిది.

నిద్ర దగ్గరకొద్దాం. మన లోపల ఒక గడియారం ఉంది, ఒక్కో కణంలోనూ ఉంది. పండ్ల మీద వాలే చిన్న ఈగల మీద పరిశోధన చేసి అదెలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు నోబెల్ ఇచ్చారు. ఆ గడియారం వెలుగును చూసి తన టైము సరిచేసుకుంటుంది. రోస్టర్ చూసి సరిచేసుకోదు. రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో చేర్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో చెప్పిందంటే, ఈ గడియారాన్ని పదే పదే అటూ ఇటూ తిప్పడం చిన్న విషయం కాదని అర్థం. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పలేదు. నైట్ డ్యూటీ ఎవరో ఒకరు చెయ్యాలి, రాత్రిపూట జబ్బులు ఆగవు. చేసేవాళ్ళ పగటి నిద్రను ఇంట్లోవాళ్ళంతా కాపాడాలని చెబుతున్నాను.

గదికి మంచి కర్టెన్లు కొనే స్తోమత లేని రోజుల్లో నేను కిటికీకి పాత రగ్గు వేలాడదీసేదాన్ని. చీకటి చాలు. కష్టమంతా చప్పుడుతోనే. పాలవాడు, కూరగాయల బండి, గ్యాస్ సిలిండర్, కొరియర్, పక్కింటివాళ్ళు. మా అత్తయ్యగారు చెడ్డమనిషి కాదు కానీ, కొత్తలో "కోడలు పగలంతా పడుకుంటుంది" అని చుట్టాల దగ్గర అనేవారు. నేను లోపల పడుకుని వినేదాన్ని. ఆవిడతో వాదించలేదు. రోస్టర్ రెండో కాపీ రాసి వంటింట్లో ఫ్రిజ్ మీద అంటించాను. నైట్ డ్యూటీ గళ్ళ చుట్టూ ఎర్ర పెన్నుతో గీశాను. "అత్తయ్యా, ఈ ఎర్ర గళ్ళ మర్నాడు నేను రాత్రంతా మేలుకుని వచ్చినట్టు. పది నుంచి మూడు దాకా నన్ను లేపకుండా చూడండి" అని అడిగాను. ఆవిడకు చదువు రాదు, ఎర్ర రంగు మాత్రం తెలుసు. నెల తిరిగేసరికి గేటు దగ్గర నిలబడి "అమ్మాయి పడుకుంది, బెల్లు కొట్టకు" అని గ్యాస్ అబ్బాయిని ఆపుతున్నది ఆవిడే. పోయేదాకా అలాగే కాపలా కాశారు నాకు. ఇంట్లోవాళ్ళకు మన మీద ప్రేమ లేక కాదు, మన రాత్రి ఎలా గడిచిందో వాళ్ళకు కనిపించదు. కనిపించేలా గోడ మీద పెట్టండి. పెళ్ళయ్యాక మరీ ముఖ్యం. తమ్ముళ్ళూ, మీరు నర్సులై, మీ ఇంట్లో ఆవిడ కూడా షిఫ్టుల మీద పనిచేస్తుంటే ఆ కాగితం మీద రెండు రంగులు ఉండాలి.

ఇంకొక్కటి, బండి. నైట్ డ్యూటీ దిగి స్కూటీ మీద ఇంటికెళుతూ నాతో పనిచేసిన ఒకమ్మాయి రోడ్డు పక్క కాలవలో పడింది. చెయ్యి విరిగింది. ఆగి ఉన్న లారీ కొన్ని గజాల దూరంలోనే ఉంది. ఆస్ట్రేలియాలో 1997లో చేసిన పరిశోధనలో, 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చేతి పనితనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ళ స్థాయికి పడిపోయిందని తేలింది. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే, అంటే 0.03 శాతం దాటితే చాలు, కేసు. ముందురోజు పొద్దున ఏడింటికి లేచి, ఇంటి పనంతా చేసి, రాత్రి డ్యూటీకి వచ్చి, పొద్దున ఎనిమిదింటికి స్కూటీ తీసేవాళ్ళు 25 గంటలు మేలుకుని ఉన్నట్టు. అందుకే మొదటి నైట్ డ్యూటీ ముందు మధ్యాహ్నం గంటా గంటన్నర పడుకోండి. డ్యూటీ దిగాక కళ్ళు మండుతుంటే బండి అక్కడే పెట్టి బస్సెక్కండి. లేదా డ్యూటీ రూములో ఇరవై నిమిషాలు కునుకు తీసి, మొహం కడుక్కుని బయల్దేరండి. ఇంట్లో పిల్లలు స్కూలుకు రెడీ కావాలని తొందరపడి వెళ్ళే తల్లులే ఎక్కువ. ఆ పూట జడలు వాళ్ళ నాన్న వేస్తాడు, ఎలా వేసినా ఫర్వాలేదు.

టైమైంది. వెళ్ళేముందు ఒక చిన్న పని చేయిస్తాను. మీ నోటు పుస్తకంలో మూడు గీతలు గీయండి. మార్నింగ్, ఈవెనింగ్, నైట్. ఒక్కో దాని కింద ఆ డ్యూటీలో మీరు ఎంత హడావుడిలోనైనా తప్పకుండా చేసే పని ఒకటి రాయండి. చెప్పులు మార్చుకోవడం, డ్యూటీ అప్పగించే హ్యాండోవర్ పుస్తకంలో సంతకం, చేతులు కడుక్కోవడం, ఏదైనా సరే. దాని పక్కన మీకు కావాల్సిన అలవాటు ఒక్కటే రాయండి. ఒక్కటే, నాలుగు వద్దు. నేను మొట్టమొదట కట్టుకున్నది నీళ్ళు. హ్యాండోవర్ సంతకం పెడితే బాటిల్ నింపాలి. డ్యూటీకి ఎక్కినా అంతే, దిగినా అంతే. అప్పటిదాకా బాత్రూముకు వెళ్ళే తీరిక ఉండదని నీళ్ళు తాగకుండా ఉండి, ఏటా యూరిన్ ఇన్ఫెక్షన్ తెచ్చుకునేదాన్ని. మీలో కొందరు తలలూపుతున్నారు, అంటే ఇప్పుడే మొదలైందన్నమాట.

రాసుకున్నది ఎవరికీ చూపించక్కర్లేదు. మొదటి నైట్ డ్యూటీ వారం అయ్యాక తీసి చూసుకోండి. కుదరకపోతే గుంజ మార్చండి, మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. ఏ సందేహం ఉన్నా మేడమ్ దగ్గర నా నంబరు ఉంది, పగలు పది దాటాక ఎప్పుడైనా చేయండి.

ఈవెనింగ్ డ్యూటీ వాళ్ళు లేవండమ్మా, ఒకటిన్నర కావస్తోంది. తలుపు పక్కన కూలర్ ఉంది, బాటిళ్ళు నింపుకుని వెళ్ళండి.